ఆకు క్రింది అతిథులు

వంగమొక్క ఆరోగ్యముగా ఉన్నదో లేదో తెలిసికొనుటకు ఆకును పైనుండి చూచినచో చాలదు. వ్రేలితో మెల్లగా త్రిప్పి అడుగుభాగమును చూడవలెను. పైవైపు నిగనిగలాడుచు ఎండను త్రాగుచున్న ఆకునకు క్రిందివైపున ఒక్కొక్కప్పుడు పెద్ద జాతరయే సాగుచుండును. ఆవగింజకన్న చిన్నవైన మెత్తని జీవములు వందలకొలది, సూదివంటి ముక్కులను ఆకులోనికి దించి, కదలక మెదలక రసము పీల్చుచుండును. వానిని మన రైతులు పేనుబంక అందురు. తలలోని పేలవలె గుంపుకట్టి యుండుటయు, త్రాగినదానిలో అధికభాగమును తీయని బంకగా విడుచుటయు గమనించి ఏ పల్లెటూరి పెద్దయో పెట్టిన పేరది. శాస్త్రగ్రంథములలోని లాటిను నామములకన్న అది ఎన్నియో రెట్లు అర్థవంతమైనది.

నగరములలో పెరడు కరవైన నాటినుండి తోట మిద్దె నెక్కినది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో ఏ యెత్తైన మేడమీదనుండి చుట్టును చూచినను నడుమ నడుమ పచ్చని చదరములు కానవచ్చును. సగమునకు కోసిన డ్రమ్ములు, రంగులు ఖాళీయైన బక్కెట్లు, పగిలిన తొట్లు, గోతపు సంచులు – మట్టి నిలిచినదెల్ల పొలమే. కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు ఇట్టి సేద్యమును స్వయముగా చేసి చూపి, ‘మిద్దెతోట’ అను అందమైన మాటకు తెలుగునాట ప్రచారము కల్పించిరి. 2019లో కేంద్ర ప్రభుత్వము బడులలో కూరతోటలు పెంచుడని మార్గదర్శకములు వెలువరించిన తరువాత, స్థలము లేని పాఠశాలలలోను కుండీలు వరుసకట్టినవి. కుండీ వచ్చిన చోటికి పురుగు రాక మానదు. అది వచ్చిన దినమున ఏమి చేయవలెనన్నదే ప్రశ్న.

అట్టి యిల్లొకటి చదువరులు ఊహించుకొనవచ్చును. గృహిణి ముప్పది యేండ్లు పాఠశాలలో జీవశాస్త్రము బోధించి విశ్రాంతి గొన్న ఉపాధ్యాయిని. మిద్దెమీద నలువది కుండీలు. ఆరేండ్ల మనుమడు బడినుండి రాగానే సంచి విసరివైచి మెట్లెక్కి పోవును. పండిన తక్కాలికాయను త్రుంచి, చొక్కాకు రుద్ది, అక్కడనే నిలువుగా నమలివేయును. ఆ తోటకు అంతకుమించిన ఫలము లేదని ఆమె నమ్మకము. మాఘమాసపు మంచు వీడని యొకనాటి ఉదయమున చిక్కుడు పందిరి క్రిందకు వెళ్ళి చూడగా చివుళ్ళును, పూగుత్తులును నల్లబడి యుండెను. మసి కాదు, పేనుబంక. మూడునాళ్ళ క్రిందట అక్కడ ఏమియు లేదు. భర్త బజారునకు పోయి అంగటివాడిచ్చిన సీసానొకదానిని తెచ్చి పిట్టగోడమీద పెట్టెను. “ఒక్క మూత చాలునట, రేపటికి ఒక్కటి మిగలదట” అని ఆయన చెప్పిన మాట.

ఆ సీసామీద వజ్రాకారముగా నిలువబెట్టిన చతురస్రముండును. దాని క్రింది సగమున ఒక రంగు. 1971 నాటి నిబంధనల ననుసరించి మన దేశమున అమ్మెడి ప్రతి పురుగుమందు డబ్బామీదను ఈ గుర్తుండి తీరవలెను. ఎరుపు అత్యంత విషము, పసుపు దానికి తరువాతిది, నీలము మధ్యమము, ఆకుపచ్చ అన్నిటికన్న తక్కువది. తరగతిలో పిల్లలకు దేశపటములలోని రంగులు నేర్పెడి ఉపాధ్యాయులు ఈ నాలుగు రంగులనుగూడ నేర్పవలసియున్నది. అంతకన్న ముఖ్యమైన సంగతి లోపలి కాగితములో సన్నని అక్షరములతో ఉండును: మందు చల్లిన పిమ్మట ఇన్ని దినములు కాయ కోయరాదు అను నిరీక్షణకాలము. పొలములో ఆ గడువును పాటింపవచ్చును, పాటింపవలెను. కాని మిద్దెతోటలో కోత ఒకనాటిది కాదు. ఈ పూట రెండు వంకాయలు, రేపు నాలుగు మిరపకాయలు, ఎల్లుండి కరివేపాకు రెబ్బ. బడినుండి వచ్చెడి పిల్లవానికి నిరీక్షణకాలమనగా నేమో తెలియదు. కుండీసేద్యములో విషమునకు చోటులేదనుటకు వేరే సిద్ధాంతములు అక్కరలేదు, ఈ యొక్క కారణము చాలును.

అయినచో పురుగు ఇంత త్వరగా ఎట్లు పెరిగినది? ఈ ప్రశ్నకు సమాధానము మొట్టమొదట దొరకినదియు ఒక పూలకుండీలోనే. 1740వ సంవత్సరము మే 20వ తేదీన జెనీవా నగరమున చార్లెస్ బొనే అను ఇరువదేండ్ల యువకుడు ఒక కుండీని మట్టితో నింపి, అందులో నీటిసీసాను పాతి, దానిలో ఒక చెట్టురెమ్మను నిలిపెను. అప్పుడే పుట్టిన పేనుబంక పిల్లనొకదానిని ఆ రెమ్మపై ఉంచి, పైన గాజుపాత్ర బోర్లించెను. మగపురుగు దానిని తాకుటకు వీలులేదు. తెల్లవారుజామునుండి రాత్రి వరకు భూతద్దముతో దానినే చూచుచు, అది చేసినదెల్ల పుస్తకమున వ్రాసికొనెను. జూన్ 1వ తేదీన అది తల్లియైనది. ఆ నెల 24వ తేదీ నాటికి దాని సంతానము 95. గ్రుడ్లు కావు, కదలెడి పిల్లలు! తండ్రి లేకయే సంతానము కలుగునన్న ఈ వార్త ఆనాటి ఐరోపా పండితులను నివ్వెరపరచినది. ఆ యువకునకు కుండీయే ప్రయోగశాల, ఓపికయే పరికరము. ఈ కథను బడిలో చెప్పినచో, తామును అట్టి కుండీ యొకటి పెట్టుదుమని లేచి నిలుచు పిల్లలు ప్రతి తరగతిలో నలుగురైనను ఉందురు.

వేడి వాతావరణమున ఆ పిల్ల వారముదినములలో తల్లి యగును. ఒక తల్లికి 50మంది పిల్లలనుకొన్నను, రెండవ తరమున 2,500, మూడవ తరమున 1,25,000. లెక్క ఇట్లే సాగినచో భూమిమీద వేరే ప్రాణికి చోటుండదు. చోటున్నదనగా ఈ లెక్కలో ఎవరో తీసివేత చేయుచున్నారన్నమాట. పురుగుల సంగతి తెలిసికొనుట యనగా ఆ తీసివేత చేయువారిని గుర్తుపట్టుటయే.

వారిలో మొదట చెప్పదగినది అక్షింతల పురుగు. ఎర్రగానో నారింజవన్నెగానో మెరయుచు, వీపుపై నల్లని చుక్కలు దాల్చి, అక్షతగింజ దొర్లినట్లు తిరుగు ఈ చిన్ని పురుగును చూచి ముచ్చటపడనివారుండరు. కాని దాని బిడ్డను చూచి ముచ్చటపడువారు లేరు. నల్లని బూడిదవన్నె ఒడలు, నారింజ మచ్చలు, ఆరు కాళ్ళు, మొసలిపిల్లవంటి రూపు. తల్లికన్న ఆబగా పేనుబంకను తినునది ఈ పిల్లయే. తోటవాడు నలిపి చంపునదియు దీనినే. రూపమునుబట్టి గుణమునెంచు అలవాటు మనుష్యులకు తమలో తాము ఉన్నది చాలక పురుగులమీదికిని పాకినది.

ఇక్కడ మరియొక చిక్కు. వంగ ఆకులను గీకి, ఈనెలు తప్ప మిగులనీయక జల్లెడగా మార్చెడి పురుగొకటి కలదు. అదియు ఈ వంశములోనిదే, గుండ్రనిదే, చుక్కలదే. మన వ్యవసాయ గ్రంథములలో దానికిని అక్షింతల పురుగనియే పేరు! విభీషణుల వంశమున రావణుడు పుట్టినట్లయినది. గుర్తుపట్టుట కష్టము కాదు. మేలు చేయుదాని వీపు అద్దమువలె మెరయును. కీడు చేయుదాని వీపు సన్నని నూగుతో మాసినట్లుండును, చుక్కలు 28. దాని పిల్ల పసుపువన్నెది, ఒంటినిండ కొమ్మలు చీలిన ముండ్లు. మొదటిది పురుగులున్నచోట తిరుగును. రెండవది ఆకు చిల్లులుపడినచోట కూర్చుండును. ఈ భేదము ఎరిగినవాని చేతిలో తోట సగము భద్రముగా ఉన్నట్లే.

అక్షింతల పురుగునకు తోడు అల్లిక రెక్కల పురుగు కలదు, సాలీడు కలదు, గాలిలో ఒకేచోట నిలిచి రెక్కలాడించు ఈగ కలదు, దాని పిల్లలును పేనుబంకనే తినును. కంటికి ఆననంతటి చిన్న కందిరీగలు కలవు. ఇవి పేనుబంక ఒడలిలోనే గ్రుడ్డు పెట్టును. కాని వీరెల్లరును పొలములో గట్లమీద, కంచెలలో, కలుపుమొక్కల పూవులలో కాపురముందురు. కుండీ అట్లు కాదు. అది సముద్రము నడిమి దీవివంటిది; చుట్టును సిమెంటు. గాలికి కొట్టుకొనివచ్చిన రెక్కల పేనుబంక యొకటి దిగినచో దానికి రాజ్యము దొరకినట్లే. దాని శత్రువునకు మాత్రము అక్కడ బస లేదు. అందుచేత ఆ బస మనమే ఏర్పరుపవలెను. కొత్తిమీర కట్టనంతటిని కోయక ఒక కుండీలోని మొక్కలను పూతకు విడిచిపెట్టుట అన్నిటికన్న సులభోపాయము. సోపుమొక్కయు అట్టిదే. గొడుగువలె విచ్చుకొన్న ఆ చిన్ని పూవులలోని తేనె, పుప్పొడి పొట్టినాలుక గల కందిరీగలకును, మేలుచేయు ఈగలకును అన్నసత్రము. పిందె పట్టని పూతను ఊరకే ఉంచుటయేమని గొణుగు పొదుపరులకు ఈ రహస్యము తెలియదు.

కుండీతోటకే ప్రత్యేకమైన మరియొక దోషము అతిప్రేమ. పొలమంత మట్టికి వేయవలసిన ఎరువును గంపెడు మట్టికి వేయుదురు. నత్రజని మిక్కుటమైన మొక్క ముదురు పచ్చగా, మెత్తగా, నీరుపట్టి పెరుగును. చూపరులు దానిని ఆరోగ్యమనుకొందురు. పేనుబంక దానిని విందనుకొనును. రసము పీల్చు పురుగులకు కావలసిన ఆహారము అట్టి లేతరసములోనే సమృద్ధిగా ఉండును. కుండీకి కుండీకి నడుమ గాలి చొరకుండ క్రిక్కిరిసి పెట్టుట రెండవ దోషము. పదిదినములు ఊరు వెళ్ళి మొక్కను ఎండబెట్టి, తిరిగి వచ్చి ఒక్కసారిగా నీరు ముంచెత్తుట మూడవది. వేసవిలో మిద్దె కాగి, నీరు చాలక నీరసించిన మొక్కకు ఎర్రనల్లి పట్టును. ఆకు అడుగున సన్నని బూజువంటి గూడును, పైన ఇసుక చల్లినట్లు పాలిపోయిన చుక్కలును దానికి ఆనవాళ్ళు. ఈ నల్లికి పొడి వేడి ఇష్టము, తడి గిట్టదు. ప్రతి ఉదయమున ఆకుల అడుగున నీరు చిమ్మికొట్టుటయే దానికి సగము మందు.

ఇక చీమల సంగతి. చిక్కుడు తీగపై చీమలు బారుకట్టినచో అవి తీగను తినుటకు వచ్చినవి కావు. పేనుబంక విడుచు తీయని బంకకొఱకు వచ్చి, దానికి గోపాలురై కాపలా కాయును. అక్షింతల పురుగు దరిచేరినచో తరిమివేయును. పిండినల్లి గుంపులున్నచోటను ఇట్లే కావలియుండును. చైనాలో 4వ శతాబ్దమునాడే, ఆకులను కుట్టి గూడు కట్టెడి ఎర్రచీమలను సంచులతో కొని తెచ్చి నారింజ తోటలలో పురుగులమీదికి విడిచెడివారని ఆనాటి గ్రంథమొకటి తెలుపుచున్నది. కనుక చీమజాతి యంతయు శత్రుపక్షమని తీర్పు చెప్పరాదు. కాని పేనుబంకను కాచు చీమను మాత్రము దూరముగా ఉంచవలసినదే. అందులకు మన నాయనమ్మల ఉపాయము మిగిలియున్నది. బెల్లపు జాడీని నీటి పళ్ళెములో నిలిపినట్లు, కుండీ పీట కాళ్ళను నీటి చిప్పలలో ఉంచుటయే. ఆ నీటిని మూడునాళ్ళకొకసారి పారబోయవలెను సుమా! లేనిచో చీమలను తప్పించి దోమలను పెంచినట్లగును. కుండీ ఆకు ప్రక్క గోడను తాకుచున్నను చీమకు వంతెన దొరకినట్లే.

ఇంత చేసినను పురుగు మిగిలినచో చేతికి తీసికొనవలసినది నీరు, సబ్బు, వేప – ఈ వరుసలోనే. మొదట నీటిధారతో కడిగివేయుట. మొక్క రసములో దిగిన ముక్కు విరిగి క్రింద పడిన పేనుబంకలో చాలభాగము తిరిగి పైకెక్కలేదు. అటుపిమ్మట లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు మించకుండ మెత్తని ద్రవపు సబ్బు. ఇది పురుగుల మెత్తని ఒడలిపైనున్న మైనపు పొరను చెరచును. తడిసిన పురుగునే చంపును, ఆరిన పిమ్మట దానికి శక్తిలేదు. బట్టలుతుకు ఘాటైన పొడి వాడినచో పురుగుకన్న ముందు ఆకు మాడును. ఏ మందైనను ఒక ఆకుపై చల్లి, రెండునాళ్ళు ఆగి చూచి, తరువాతనే తోటకు చల్లవలెను. సాయంకాలమే తగిన వేళ.

వేపవిషయము కొంత విపులముగా చెప్పదగినది. పెరటి చెట్టు మందుకు రాదని తెలుగువారి సామెత. వేప పెరటిలోనే యుండుటచేత ఎంతకాలము దానిని శాస్త్రజ్ఞులు పట్టించుకొనలేదో! 1959లో సూడాను దేశముపై మిడుతలదండు విరుచుకుపడి పచ్చని ఆకెల్ల తిని పోగా, వేపచెట్లు మాత్రము చెక్కుచెదరక నిలిచినవి. అది చూచిన జర్మను కీటకశాస్త్రజ్ఞుడు ష్ముట్టెరరు తన శేషజీవితమును వేపపరిశోధనకే వినియోగించెను. ఇంచుమించు అదేకాలమున ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్ గారును, వారి సహచరులును వేపపప్పును నూరి నీట కలిపి పైరులపై చల్లి, మిడుతలు దానిని ముట్టవని 1962లో ప్రకటించిరి. 1968లో ఇంగ్లండున ఆ చేదులోని ముఖ్యపదార్థమైన అజాడిరాక్టిను వేరుచేయబడినది. దాని అణునిర్మాణము 1985 నాటికిగాని తేలలేదు. కేంబ్రిడ్జి రసాయనశాలలో దానిని కృత్రిమముగా తయారుచేయుటకు 22 సంవత్సరములు పట్టి 2007లో ఆ పని ముగిసినది. మన పెరటిలోని వేపచెట్టు ఏటేట ఆషాఢమునకు ముందే ఆ పనిని చేసి, పండ్లరూపమున నేలరాల్చుచున్నది.

ఆ పండ్లకొఱకు న్యాయస్థానపు పోరాటమును జరిగినది. వేపనూనెతో మొక్కల బూజుతెగుళ్ళను అణచు పద్ధతి తమదేనని ఒక అమెరికా వాణిజ్యసంస్థయు, ఆ దేశపు వ్యవసాయశాఖయు కలిసి ఐరోపాలో 1994లో హక్కుపత్రము పొందగా, ఇది భారతదేశమున పరంపరగా వచ్చుచున్న జ్ఞానమని వందనా శివ మున్నగువారు వాదించిరి. 2000లో ఆ హక్కు రద్దయినది. 2005లో అప్పీలును వీగిపోయినది. వేపపిండి చల్లుచున్న ముసలిరైతునకు ఈ వ్యాజ్యము సంగతియే తెలియదు.

వాడుక ఇది. నీడన ఆరిన వేపగింజల పప్పును 50 గ్రాములు దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రియంతయు నాననిచ్చి, మరునాడు పిండి వడకట్టవలెను. ఆకునకు అంటుటకు కొంచెము కుంకుడురసము కలుపుట మంచిది. ఎండకు ఈ చేదు త్వరగా చెడును గనుక ప్రొద్దు వాలినపిమ్మట, ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లవలెను. బూజుపట్టిన పాతగింజలు పనికిరావు. అన్నిటికన్న ముఖ్యము, మరునాటి ఉదయమే పురుగులను లెక్కించి వేపను నిందింపరాదు. వేప ఖడ్గము కాదు. పురుగునకు తిండిపై రోత పుట్టించును. కుబుసము విడిచి ఎదుగుటకు కావలసిన లోపలి ఏర్పాటును తారుమారు చేయును. ఫలితము కానవచ్చుటకు వారమైనను పట్టును. సీసామందునకు అలవాటుపడిన కంటికి ఈ వారము యుగమువలె తోచును. వేపను విడిచి తిరిగి సీసాను పట్టినవారిలో పెక్కుమంది విడిచినది ఆ వారములోనే.

ప్రకృతిసిద్ధమైనదెల్ల నిరపాయమను భ్రమయు కూడదు. పొగాకు కషాయమును పలువురు ఇండ్లలో కాచుచున్నారు. అందలి నికొటిను తీవ్రమైన విషము. చర్మమునుండియు ఒంటిలోనికి దిగును. అక్షింతల పురుగును పేనుబంకను ఒకేవిధముగా చంపును. పైగా పొగాకుతో మిరపకును, తక్కాలికిని పల్లాకు వైరసు అంటు ప్రమాదము కలదు. ఈ మూడును ఒకే కుటుంబపు మొక్కలు. చుట్ట త్రాగిన చేతిని కడుగక తక్కాలి నారు ముట్టరాదని పెద్దలన్నది చాదస్తము కాదు. అగ్నిఅస్త్రము, బ్రహ్మాస్త్రము మున్నగు పేర్లతో నేడు ప్రచారములోనున్న కషాయములలోను కొన్నిట పొగాకు కలియును. అస్త్రము పేరు ఎంత గొప్పదైనను, ఎదుట నిలిచినది ఎవ్వరో తెలియక ప్రయోగించినచో ఫలమేమి?

మిరపనే చూడుడు. ఆకులు ముడుచుకొనినవనగానే అందరును ఒకే మందు చల్లుదురు. ఆకు అంచులు పైకి లేచి దోనెవలె ముడిగినచో అది తామరపురుగు పని. దోనెను బోర్లించినట్లు క్రిందికి ముడిగినచో తెల్లనల్లి పని. గంధకము నల్లికి పనిచేయును, తామరపురుగునకు పనిచేయదు. తామరపురుగును నీలిరంగు జిగురు అట్టలు ఆకర్షించును. తెల్లదోమను, రెక్కల పేనుబంకను పసుపు అట్టలు. 2021లో గుంటూరు, ఖమ్మము, వరంగల్లు ప్రాంతముల మిరపపొలములను ముంచినది మరియొక జాతి తామరపురుగు. నల్లగా, పూవులలోనే గుంపులుగా చేరునట్టిది. దానిపై రైతులు సీసా వెనుక సీసా కుమ్మరించియు పంటను దక్కించుకొనలేకపోయిరి.

వంగలో కొమ్మ చివర వాడి వ్రేలాడినచో లోపల తొలుచు పురుగున్నదని గుర్తు. వాడినచోటికి రెండంగుళముల క్రింద కత్తిరించి నాశనము చేయుటకన్న వేరే మందు లేదు, ఏలయన కాండములోపల దాగినదానికి ఏ చల్లుడును చేరదు. బీర, కాకర పిందెలకు పలుచని గుడ్డసంచి తొడిగినచో పండుఈగ గ్రుడ్డు పెట్టజాలదు. ఈగ కుట్టి రాలిన కాయను మూలకు విసరుట ఈగలకు పురుడు పోయుటయే. దానిని మూతిబిగించిన సంచిలో వేసి ఎండలో ఉంచవలెను. నలువది కుండీలున్న తోటలో ఈ పనులకు పూటకు పావుగంట చాలును. పదెకరముల రైతునకు లేని భాగ్యమిది.

దేశమంతటికిని ఈ విద్య ఎంత మేలు చేయగలదో చూపిన ఉదంతములు లేకపోలేదు. 2008లో కోయంబత్తూరు ప్రాంతమున మెక్సికో మూలముగా గల కొత్త పిండినల్లి కానవచ్చినది. రెండేండ్లలో బొప్పాయి, మల్బరీ, మందార, వంగ, అన్నిటిని తెల్లని దూదివలె కప్పివేసినది. మందులు చల్లినకొలది పెరిగినది. దాని మైనపు పొరలోనికి మందు దిగదు, పైగా దాని శత్రువులు ముందుగా చచ్చును. 2010లో బెంగుళూరులోని శాస్త్రజ్ఞులు ప్యూర్టో రికో దీవినుండి దాని సహజశత్రువైన చిన్న కందిరీగను తెప్పించి, పరీక్షించి, పెంచి, విడిచిపెట్టిరి. చీమతల కంటెను చిన్నదైన ఆ ప్రాణి కొలది నెలలలోనే ఆ పిండినల్లిని అణచివేసినది. అప్పటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామము పత్తిమందుల అప్పులలోను, విషముచే కలిగిన మరణములలోను క్రుంగియుండి, వేపకషాయమునకు మరలి, 2004లో తమ ఊరిలో రసాయనపు పురుగుమందులు వాడబోమని ప్రకటించుకొన్నది. ఆ నిర్ణయమును నిలబెట్టుటలో స్త్రీల సంఘములదే ముఖ్యపాత్ర. 2006లో వరంగల్లు జిల్లా ఏనబావి ఆ బాటనే పట్టి, రసాయనపు ఎరువులనుగూడ విడిచినది.

సాహిత్యాభిమానులకు మరియొక ముచ్చట. సురపాలుడను వైద్యుడు సుమారు వేయి యేండ్ల క్రిందట వృక్షాయుర్వేదమును సంస్కృత శ్లోకములలో రచించి, మొక్కల వ్యాధులను సైతము వాత పిత్త కఫములుగా విభజించెను. దాని వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డులోని బాడ్లియన్ గ్రంథాలయమున నిలిచియుండగా, సికింద్రాబాదులోని ఆసియా వ్యవసాయ చరిత్ర సంస్థ తెప్పించి, నళినీ సాధలే గారి ఆంగ్లానువాదముతో 1996లో ప్రచురించినది. అందలి చికిత్సలన్నియు నేడు పనికివచ్చునని చెప్పరాదు. కాని చెట్టునకును నొప్పి కలదనుకొని దానిచెంత కూర్చున్న వైద్యుని చూపు అందున్నది.

ఇక ఆ మిద్దెమీదికి మరలవచ్చును. ఉపాధ్యాయిని సీసా మూత తీయలేదు. మిక్కిలి నల్లబడిన చివుళ్ళను నాలుగింటిని త్రుంచి సబ్బునీటి బక్కెట్టులో ముంచెను. తక్కినవానిని మూడు ఉదయములు నీటిధారతో కడిగెను. పందిరి కాళ్ళకు నీటిచిప్పలు పెట్టెను. ఆ వారము చిక్కుడుకు ఎరువు మానివేసెను. నాలుగవనాడు చూచినచో బంక తగ్గినది కాని పోలేదు. భర్త సీసావంక చూచి ఊరకుండెను. అయిదవనాటి సాయంకాలము వేపకషాయము, ఎనిమిదవనాడును అంతంతమాత్రమే. ఒక పూగుత్తు పూర్తిగా రాలిపోయినది. ఆ యేటి తొలికాపు సగమునకు సగము తగ్గినట్లే. ఆ నష్టమును దాచిపెట్టి ప్రయోజనము లేదు.

పన్నెండవనాడు మనుమడు తాతగారి భూతద్దము పట్టుకొని పందిరి క్రింద చతికిలబడెను. ఆకు నొకదానిని త్రిప్పి, “నాయనమ్మా! ఇవేమిటి, బూరెల్లాగ ఉబ్బిపోయాయి? కదలడం లేదు!” అని అరచెను. నల్లని పేనుబంకల నడుమ అక్కడక్కడ గోధుమవన్నె కాగితపు బుడగలవంటివి ఆకునకు అంటుకొనియున్నవి. లోపల కందిరీగ పిల్ల పెరుగుచున్న పేనుబంక పైపొట్టు మాత్రమే ఎండి మిగిలి ఆ రూపము దాల్చును.

“దానికి వీపున కన్నముందేమో చూడు నాన్నా.”

“ఉంది! గుండ్రంగా, సూదితో పొడిచినట్టుగా. మూత కూడా ఉంది.”

“అయితే లోపలున్నది ఎగిరిపోయింది. ఎన్నింటికి కన్నాలున్నాయో లెక్కపెట్టు.”

పిల్లవాడు ఆ ఆకుమీద పదునేడు లెక్కించి, రెండవ ఆకు త్రిప్పెను. పిట్టగోడమీది సీసాను తాతగారు మూత తీయకుండగనే ఆ సాయంకాలము అంగటివానికి తిరిగి యిచ్చివచ్చిరి.